ట్యాబ్ నొక్కు... గంట విను!

సర్వర్ పడిపోతుంది. యాప్‌లు ఆగిపోతాయి. జనం తిట్టుకుంటారు. తెల్లారేసరికి పెద్దల నుంచి ఒక ప్రకటన వస్తుంది. అందులో దోషి ఒక్కడే. పేరుండదు, ఊరుండదు. ‘మానవ తప్పిదం’ అంటారు. ఫైలు మూసేస్తారు. బోనస్‌లు ఆగవు.

ఎవరండీ ఆ మానవుడు? గచ్చిబౌలిలో రాత్రి మూడింటికి నల్ల తెర ముందు కూర్చున్న లినక్స్ అడ్మిన్. బ్రిడ్జ్ కాల్‌లో ఓ పాతికమంది పెద్దమనుషులు. ఐదు నిమిషాలకోసారి ‘ఈటీఏ ఎంత’ అని ఒకాయన అడుగుతుంటాడు. ఆయన పని అదొక్కటే. అడ్మిన్ చేతిలో ఉన్నది ఒక కమాండ్. దానికి డజన్ల కొద్దీ ఆప్షన్లు. అవన్నీ ఎవరికి తెలుసు? ప్రోగ్రామ్‌కి తెలుసు. ఎవరు గుర్తుపెట్టుకోవాలి? నిద్రలేని ఆ మనిషి. ఎందుకు? ఆ ప్రోగ్రామ్ రాయించి, అమ్మి, సపోర్ట్ కాంట్రాక్టు కుదుర్చుకున్న దొరవారికి ఒక చిన్న ఫైలు జతచేసే తీరిక దొరకలేదు కాబట్టి.

ఆ ఫైలు పేరే కంప్లీషన్ స్క్రిప్ట్. కీబోర్డు ఎడమవైపు, క్యాప్స్ లాక్ పైన ట్యాబ్ మీట ఉంటుంది. సగం మాట కొట్టి దాన్ని నొక్కితే మిగతా సగం యంత్రం నింపాలి. అనుమానంగా ఉంటే రెండుసార్లు నొక్కితే అక్కడ రాయదగినవన్నీ చూపాలి. ఇదేమన్నా గొంతెమ్మ కోరికా?

కాదు. పైగా కొత్తదీ కాదు. 1970ల మొదట్లోనే అమెరికాలో బీబీఎన్ సంస్థ పీడీపీ-10 యంత్రాల కోసం టెనెక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసింది. అందులో సగం మాట కొట్టి ఎస్కేప్ నొక్కితే మిగతాది వచ్చేది. దాని వారసత్వంతో 1976లో డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ టాప్స్-20 తెచ్చింది. అది ఇంకో మెట్టు ఎక్కింది. ప్రోగ్రామ్ రాసేవాడు తన కమాండ్‌లో ఏ చోట ఏ మాటలు వస్తాయో సిస్టమ్‌కి చెబితే చాలు. ఎస్కేప్ కొడితే మాట నింపడం, ప్రశ్నార్థకం కొడితే ఇక్కడేం రాయొచ్చో చూపడం, అంతా ఆపరేటింగ్ సిస్టమే చూసుకునేది. ప్రతి ప్రోగ్రామ్‌లోనూ ఒకే పద్ధతి. నేటికీ సిస్కో రౌటర్ మీద పనిచేసే ఇంజినీరు ప్రశ్నార్థకం కొడితే, ఆ చోట రాయదగిన మాటలు, పక్కన వాటి అర్థాలు, చేతికి అందుతాయి.

మరి లినక్స్‌లో? ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లలో టాప్ 500 మొత్తం లినక్స్ మీదే నడుస్తున్నాయని జబ్బలు చరుచుకుంటాం కదా. అబ్బో, గొప్పే! అంత గొప్ప సిస్టమ్‌లో ఒక ప్రోగ్రామ్ తన ఆప్షన్లేమిటో, మనం కొట్టే కమాండ్లు అందుకునే షెల్‌కి చెప్పడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఒక్కటీ లేదు. పోసిక్స్ ప్రమాణంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. షెల్‌లూ ఒకటి కాదు. బాష్‌ది ఒక దారి. జెడ్‌షెల్‌ది ఇంకో దారి. ఫిష్‌ది మరో దారి. ఒకే కమాండ్‌కి ఒకే సంగతిని మూడు భాషల్లో మూడుసార్లు రాయాలి. ఎవరు రాస్తారు? ఎవరో ఒకరు రాస్తారులే. ఆ ‘ఎవరో ఒకరి’ మీదే ఈ ఇండస్ట్రీ మొత్తం నడుస్తోంది.

బాష్‌లో జరిగేది చూడండి. 2000లో వచ్చిన 2.04 వెర్షన్ నుంచి ఈ వెసులుబాటు ఉంది. మీరు ట్యాబ్ నొక్కగానే బాష్ మీరు కొట్టిన మాటలను ఒక వరుసలో పెడుతుంది. మీ కర్సర్ ఎన్నో మాట దగ్గరుందో అంకె చెబుతుంది. ఆ కమాండ్‌కి కేటాయించిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఫంక్షన్ ఒక జాబితా తిరిగిస్తుంది. ఒప్పందం ఇంతే. ఫంక్షన్ లేకపోతే? అప్పుడు మొదలవుతుంది తమాషా. మీరున్న డైరెక్టరీలోని ఫైళ్ల పేర్లు తెచ్చి చూపిస్తుంది. డిస్క్ కంట్రోలర్‌కి ఏ ఆప్షన్ ఇవ్వాలని అడిగితే, మీరు మొన్నెప్పుడో దించుకున్న పీడీఎఫ్ చూపిస్తుంది. రేషన్ కార్డు ఏమైందని అడిగినవాడి చేతిలో గుమస్తా పెళ్లి శుభలేఖ పెట్టినట్టు. ఆ ఫైళ్లు కూడా లేకపోతే ఒక గంట మోగుతుంది. టింగ్. అదే మీకు అందిన సాంకేతిక సహాయం.

డిస్క్ కంట్రోలర్ అన్నాను కాబట్టి చెబుతున్నా. మెగాసీఎల్ఐ అనే పనిముట్టు ఉండేది. సర్వర్లలో రెయిడ్ కార్డులు చూసుకునేవారికి దాని పేరు చెబితే ఇప్పటికీ వెన్నులో చలి. దాని ఆప్షన్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఇష్టారాజ్యం. అచ్చులన్నీ ఎవరో తినేశారు. కాన్ఫిగరేషన్ చూపే ఆప్షన్, కాన్ఫిగరేషన్ మొత్తం తుడిచేసే ఆప్షన్, రెండూ ఒకే మూడక్షరాలతో మొదలవుతాయి. ఒకటి ‘సీఎఫ్‌జీ-డీఎస్‌పీఎల్‌వై’. ఇంకొకటి ‘సీఎఫ్‌జీ-సీఎల్ఆర్’. ఒకటి చూపుతుంది. ఇంకొకటి కొంపముంచుతుంది. డిస్క్ పేరు చెప్పాలంటే చదరపు బ్రాకెట్లలో చెప్పాలి. ఆ బ్రాకెట్లకు షెల్‌లో ఇంకో అర్థం ముందే ఉంది మరి! అయినా సరే. లక్షల రూపాయల సర్వర్, అందులో డేటా ఎవరి జీతాలో, ఎవరి మార్కుల జాబితాలో. రక్షణ ఏమిటయ్యా అంటే, అడ్మిన్ గూగుల్ చేసి ఎక్కడినుంచో కాపీ కొట్టుకొచ్చిన ఒక వరుస. దీన్నే బ్రోషర్‌లో ‘ఎంటర్‌ప్రైజ్ గ్రేడ్’ అంటారు.

కంప్లీషన్ ఉన్నచోట మాత్రం సుఖమా? సగం చోట్ల లాంఛనం. డిస్కులను వాల్యూమ్‌లుగా పంచే ఎల్‌వీఎమ్ తీసుకోండి. లాజికల్ వాల్యూమ్ తీసేయడానికి ‘సుడో ఎల్‌వీరిమూవ్’ అని కొట్టి ట్యాబ్ నొక్కుతారు. ఏ వాల్యూమ్‌లున్నాయో చూపాలి కదా? చూపదు. ఎందుకంటే ముందు అధికారం ఇచ్చే సుడో ఉన్నా, ట్యాబ్ వెనక నడిచే ఫంక్షన్ మీ మామూలు అధికారంతోనే నడుస్తుంది. వాల్యూమ్ గ్రూపుల చిట్టా చదవాలంటే సర్వాధికారి రూట్ కావాలి. ‘అనుమతి లేదు’ అనే మాట లోపల పుడుతుంది. దాన్ని తిన్నగా డెవ్ నల్ అనే చెత్తబుట్టలోకి పారేస్తారు. మీ దాకా వచ్చేది మళ్లీ ఆ టింగే. ఎందుకు రాలేదో చెప్పే మర్యాద కూడా లేదు. సరే, ఇక చేత్తో కొడతారు. చీకట్లో, పూర్తి పేరు, అక్షరం అక్షరం. అదీ దేనికి? తీసేసే కమాండ్‌కి!

డెబియన్ వాళ్ల ముచ్చట ఇంకా రంజుగా ఉంటుంది. మామూలు వాడుకరికి ఖాతా తెరిస్తే అతని బాష్ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో కంప్లీషన్ వరుసలు సిద్ధంగా ఉంటాయి. రూట్ బాష్ఆర్‌సీలో ఉండవు. సిస్టమ్ మొత్తానికి వర్తించే ఫైల్లో ఉంటాయి గానీ, వరుస వరుసకూ ముందు ఒక హాష్ గుర్తు. అంటే చదువుకోవచ్చు, పనిచేయవు. లాగిన్ షెల్ తెరిస్తే వేరే దారిన వస్తాయి లెండి. వట్టి ‘ఎస్‌యూ’ కొట్టి రూట్ అయినవాడికి మాత్రం చేతులు కట్టేసినట్టే లెక్క. అదే రూట్ ఫైల్లో ‘పొరపాట్లు జరక్కుండా’ అని ఒక శీర్షిక, దాని కింద తుడిచేముందు అడిగి తుడిచే ఏర్పాటు కూడా ఉంది. దాని ముందూ హాష్ గుర్తే! లోకంలో అందరికంటే ఎక్కువ విధ్వంసం చేయగలవాడు ఎవరు? రూట్. అందరికంటే తక్కువ సాయం ఎవరికి? రూట్‌కే. ఇదెక్కడి న్యాయం? ‘రూట్ అయినవాడికి అన్నీ తెలిసే ఉంటాయి’ అట. తెలిసినవాడికి నిద్ర రాదా? కళ్లు మసకబారవా?

ఇక సెక్యూరిటీ వారు. వీరి దెబ్బ వేరు. ‘హార్డెనింగ్’ పేరుతో ఒక ఎక్సెల్ షీట్ వస్తుంది. అవసరం లేని ప్యాకేజీలు తీసేయాలి. ఏది అవసరం లేదు? బాష్-కంప్లీషన్. తీసెయ్. సెంటాస్ 7 మినిమల్ ఇన్‌స్టాలేషన్‌లో అసలే ఉండేది కాదు. కంటైనర్ ఇమేజ్‌లలో సరేసరి. అయ్యా, తాళాలన్నీ వేసి బాగానే కాపాడారు. తప్పు కమాండ్ కొట్టకుండా కాపాడే పనిముట్టును కూడా తాళం వేసి మరీ కాపాడారు! ఎస్ఎస్‌హెచ్ సంగతీ ఇంతే. డెబియన్, ఉబుంటులలో ఇదివరకు వెళ్లిన సర్వర్ల పేర్లను హాష్ చేసి, అంటే చదవలేని సంకేతాలుగా మార్చి, దాస్తారు. దొంగకు కనపడకూడదని. నిజమే, దొంగకు కనపడదు. ట్యాబ్‌కీ కనపడదు. వందల సర్వర్లున్నచోట, ‘డీబీ-ఒకటి’కి పోబోయి ‘డీబీ-రెండు’లో తేలినవాణ్ని ఎవరు కాపాడతారు?

న్యాయంగా చెప్పాలంటే వారి భయంలో అసలు పసే లేదనలేం. ట్యాబ్ నొక్కడమంటే చాలాచోట్ల వెనక కోడ్ నడపడమే. ‘మేక్’ అని రాసి ట్యాబ్ నొక్కితే, మేక్‌ఫైల్‌లో ఎవరో రాసిపెట్టిన షెల్ పిలుపులు నడిచే వీలుంది. బిజీబాక్స్ షెల్‌లోనైతే, ఫైలు పేర్లలో దాచిన ఎస్కేప్ సంకేతాలను వడకట్టకుండా టెర్మినల్‌కి పంపేస్తోందని 2017లో ఒక లోపం బయటపడింది. మందేమిటి? ప్రోగ్రామ్ తన మాటలను డేటాగా ప్రకటించాలి, ట్యాబ్ దాన్ని చదివి ఊరుకోవాలి. టాప్స్-20 చేసిన పనే. మనవాళ్లు మాత్రం జబ్బును వదిలేసి రోగిని డిశ్చార్జ్ చేశారు.

ఇంత జరుగుతున్నా ఏదో కొంత పనిచేస్తోందంటే ఎవరి పుణ్యం? జీతం తీసుకునేవారిది మాత్రం కాదు. బాష్‌ను మూడు దశాబ్దాలకు పైగా చూసుకుంటున్నది ప్రధానంగా చెట్ రేమీ అనే ఒక్క మనిషి. ఒహాయోలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన తీరికలో. వందల కమాండ్లకు కంప్లీషన్ ఇచ్చే బాష్-కంప్లీషన్ ప్రాజెక్టును ఇయన్ మెక్‌డొనాల్డ్ మొదలుపెట్టాడు. తర్వాత వాలంటీర్లు భుజాన వేసుకున్నారు. వాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారో తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. చాలా ప్రోగ్రామ్‌లు తమ ఆప్షన్ల జాబితా యంత్రానికి ఇవ్వవు కదా. అందుకని వాళ్ల స్క్రిప్ట్ ఏం చేస్తుందంటే, ఆ ప్రోగ్రామ్‌ని ‘హెల్ప్’ అని పిలుస్తుంది. అది మనుషుల కోసం అచ్చేసిన వచనం తీసుకుంటుంది. అందులో గీతలతో మొదలయ్యే మాటలు ఏరుకుంటుంది. ఫిష్ వాళ్లదీ ఇదే అవస్థ. మాన్ పేజీలు చదివి ఆప్షన్లు ఏరుకుంటారు. తన ఆప్షన్లు తన కడుపులోనే ఉన్న ప్రోగ్రామ్, పక్కనున్న షెల్‌కి నోరు విప్పి చెప్పదు. మనుషులతో మాట్లాడుతుంటే గోడ చాటున నిలబడి వినాలి. హెల్ప్‌లో ఎవరైనా అందంగా ఉండాలని రెండు ఖాళీలు జరిపితే? ఆ కంప్లీషన్ కుదేలు.

చేయలేక కాదు సుమా. చేసినవాళ్లు చేశారు. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీని తిట్టేవాళ్లు కోకొల్లలు, నేనూ సందర్భాన్ని బట్టి ఒక చెయ్యి వేస్తుంటాను. కానీ ‘సిస్టమ్‌సీటీఎల్ స్టాప్’ అని ట్యాబ్ నొక్కి చూడండి. నడుస్తున్న సర్వీసులే చూపిస్తుంది. ‘స్టార్ట్’ అని నొక్కండి. నడవనివే చూపిస్తుంది. ఆపే చోట ఆపదగినవే. ఇది తెలివి. ఆప్షన్ల పేర్లు నింపడం గొప్ప కాదు. ఈ క్షణాన, ఈ యంత్రంలో, ఈ పనికి పనికొచ్చేవి ఏవో చెప్పడం గొప్ప. యుటిల్-లినక్స్ వాళ్లు మౌంట్, ఎల్ఎస్‌బీఎల్‌కే వంటి తమ కమాండ్లకు కంప్లీషన్లు తామే ఇచ్చి పంపుతారు. గో భాషలో కోబ్రా లైబ్రరీ వాడితే కంప్లీషన్ స్క్రిప్ట్‌ను ప్రోగ్రామే రాసిస్తుంది. పైథాన్‌లో ఆర్గ్‌కంప్లీట్ ఉంది. రస్ట్‌లో క్లాప్ వాడేవారికీ ఆ సదుపాయం ఉంది. ఇక మిగిలిన సాకు ఏమిటి? ‘ప్రయారిటీ కాదు.’ ఎవరి ప్రయారిటీ కాదు? డ్యాష్‌బోర్డులో గుండ్రటి బొమ్మకు రంగు మార్చడానికి రెండు స్ప్రింట్‌లు దొరికినవారి ప్రయారిటీ కాదు!

మంచివాటిలోనూ మెలిక ఉంటుంది. క్లస్టర్లను నడిపే క్యూబ్‌సీటీఎల్‌లో పాడ్ పేరు కోసం ట్యాబ్ నొక్కితే, అది వెళ్లి క్లస్టర్ ఏపీఐ సర్వర్‌ని అడుగుతుంది. క్లస్టర్ బాగున్నన్నాళ్లూ బాగు. క్లస్టర్ కుప్పకూలిన రాత్రి? ట్యాబ్ నొక్కినవాడి టెర్మినల్ బిగుసుకుని కూర్చుంటుంది. అవసరం వచ్చిన రోజునే ముఖం చాటేసే చుట్టం. కాసేపు దాచుకున్న పాత జాబితా చూపించి, ‘ఇది పాతది’ అని ఒక ముక్క చెబితే ఏం పోయింది?

ఇప్పుడు పెద్దల సంగతికొద్దాం. 2017 ఫిబ్రవరి 28. అమెజాన్ ఎస్3, ఉత్తర వర్జీనియా రీజియన్. బిల్లింగ్ వ్యవస్థ నెమ్మదించిందని చూస్తున్నారు. అధికారం ఉన్న ఉద్యోగే, రాసిపెట్టుకున్న ప్లేబుక్ ప్రకారమే, కొద్దిపాటి సర్వర్లను తప్పించడానికి ఒక కమాండ్ కొట్టారు. అందులో ఒక ఇన్‌పుట్ తప్పు పడింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ సర్వర్లు పోయాయి. నాలుగు గంటలకు పైగా ఇంటర్నెట్‌లో పెద్దపెద్ద సైట్లు పడకేశాయి. కొసమెరుపు వినండి. ‘సర్వీసులు ఎలా ఉన్నాయి’ అని లోకానికి చెప్పాల్సిన అమెజాన్ వారి డ్యాష్‌బోర్డు కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. అందుకని అది అప్‌డేట్ కాలేదు. వాళ్లు ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది!

ట్యాబ్ ఉండి ఉంటే ఆ రోజు ఆగేదని నేననను. చూడాల్సింది తర్వాత వాళ్లు చేసిన మరమ్మతును. మనిషికి ట్రైనింగ్ ఇచ్చి చేతులు దులుపుకున్నారా? లేదు. పనిముట్టును మార్చారు. సర్వర్లను నెమ్మదిగా తీసేలా, కనీస సంఖ్య కంటే కిందికి పోనివ్వకుండా కాపు పెట్టారు. అంటే తప్పు ఎక్కడుందో వాళ్లకు తెలుసు. రోజుకు కోట్లు ఆర్జించే కంపెనీకి అది తెలిసింది. మన సర్వర్ల మీద పనిముట్లు అమ్మే మిగతా మహానుభావులకు ఎప్పుడు తెలుస్తుంది? వాళ్ల ఆర్‌సీఏ (మూలకారణం) రిపోర్టుల్లో ఇప్పటికీ ఏముంటుంది? ‘ఇంజినీరుకు మరింత అవగాహన కల్పించాం.’ చెప్పేవాడికి వినేవాడు లోకువ!

ఇప్పుడు కొత్త పూనకం. ఏఐ సహాయకుడట. టెర్మినల్‌లో ఇంగ్లీషులో అడిగితే కమాండ్ రాసిస్తుందట. స్టేజీ మీద పొగ, లైట్లు, చప్పట్లు. బాబూ, ఆ సహాయకుడి ప్రశ్న సాధారణంగా నెట్‌వర్క్ దాటి ఎక్కడికో పోయి రావాలి. లేని ఆప్షన్‌ను ఉన్నట్టు ధీమాగా చెప్పే వీలుంది. ట్యాబ్‌కి మామూలుగా నెట్ అక్కర్లేదు, సబ్‌స్క్రిప్షన్ అక్కర్లేదు, జీపీయూ అక్కర్లేదు. సరిగ్గా రాస్తే ఉన్నదే చెబుతుంది, లేనిది చెప్పదు. దేనికి బడ్జెట్ దొరికింది? ఊహించడానికి బహుమతి లేదు. ‘డెవలపర్ ఎక్స్‌పీరియన్స్’ అని ఒక శాఖే పెట్టారు కదా. ఆ శాఖవారు ఎప్పుడైనా అర్ధరాత్రి ఒక పాత సర్వర్‌లోకి లాగిన్ అయి, తమ కంపెనీ కమాండ్ కొట్టి, ట్యాబ్ నొక్కి చూశారా? ఆ టింగ్ వాళ్ల చెవిన ఒక్కసారైనా పడిందా?

అమీర్‌పేటలో లినక్స్ కోర్సు చేరే కుర్రాళ్ల నోట్సు చూడండి. పేజీలకు పేజీలు కమాండ్లు, ఆప్షన్లు. కంఠతా పట్టిస్తారు. ఇంటర్వ్యూలో అడిగేదీ అదే. ‘ఫలానా కమాండ్‌లో చిన్న ‘ఎల్’ ఏం చేస్తుంది?’ చెప్పలేకపోతే ఇంటికి. అవతల యంత్రానికి తెలిసిన సంగతిని మనిషి బుర్రలో ఇంకోసారి అచ్చువేయించి, దానికి నైపుణ్యమని పేరు పెట్టి, దాని మీద ప్యాకేజీ కట్టి జీతం ఇస్తున్నాం. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరిన రాత్రే ఒక అక్షరం తప్పు పడుతుంది. ఎస్కలేషన్ మెయిల్‌లో సీసీలో ఉన్న మేనేజర్లందరూ మేలుకుంటారు. పనిముట్టు రాసిన కంపెనీ పేరు ఆ మెయిల్‌లో ఎక్కడా ఉండదు.

అందుకని కొనేవాళ్లకో చిన్న చిట్కా. మీరు ఐటీ హెడ్డా? టెండర్లు రాసే అధికారా? రెండొందల పేజీల టెండర్ రాస్తారు. అందులో సర్వర్ ర్యాక్ రంగు కూడా రాస్తారు. ఇంకో వాక్యం రాయండి. ‘కమాండ్ లైన్ పనిముట్లకు బాష్, జెడ్‌షెల్, ఫిష్ కంప్లీషన్లు సరఫరాదారే ఇవ్వాలి, కొత్త వెర్షన్‌తోపాటు తాజా చేయాలి.’ డెమోకి వచ్చిన సూటువాలా స్లైడ్లు తిప్పుతుంటే ఆపండి. టెర్మినల్ తెరిపించండి. ఆయన చేతే కమాండ్ కొట్టించి, ఒక ఖాళీ ఇచ్చి, ట్యాబ్ నొక్కమనండి. ఆయన నొక్కుతాడు. టింగ్ అంటుంది. ఇంకోసారి నొక్కుతాడు. ఆయన డెస్క్‌టాప్ మీది ఫైళ్ల పేర్లు మీటింగ్ రూమ్ తెర మీద బారుగా పడతాయి. గొంతు సవరించుకుని, ‘అది మా రోడ్‌మ్యాప్‌లో ఉందండీ’ అంటాడు. ఏ సంవత్సరం రోడ్‌మ్యాప్ అని అడగండి. 1976దేనా, ఇంకా పాతదా?